ఊపిరిపెట్టె కరుణమ్మ

మా నాన్న మంచివాడని ఊళ్ళో అందరూ అంటారు. అననివ్వండి. ఆయన తాగడు, నోరు జారడు, ఆదివారం ఆరాధనకు అందరికంటే ముందు పోయి చాపలు పరుస్తాడు. ఇవన్నీ నిజమే. నేను చెప్పబోయేది ఆయన అక్క గురించి.

ఆమె పేరు కరుణమ్మ. నాకు మేనత్త. 1959లో మా మిషను ఆసుపత్రిలో ఒక ఇల్లాలు చనిపోయింది. అది కరుణమ్మ చేతి తప్పని కాగితం మీద రాశారు. అది ఆమె తప్పు కాదు. కాదని తెలిసినవాళ్ళు ఆమె కాక అప్పటికి ముగ్గురు, తరవాత నాతో నలుగురు. ‘నీ తప్పు కాదు’ అని ఆ నలుగురిలో ఒక్కరి చేత నలుగురి ముందు అనిపించుకోవాలన్నదే ఆమె కోరిక. ఇల్లు అడగలేదు, వాకిలి అడగలేదు. ఆ ఒక్క మాట అడిగింది.

ఆసుపత్రి పేరు చెప్పను. నరసరావుపేట నుంచి మాచర్ల పోయే దారిలో ఉండేది, అంతవరకు చాలు. ఇప్పుడున్నవాళ్ళకు ఆ పాపంలో భాగం లేదు.

కరుణమ్మత్తది రాజుపాలెం. పెళ్ళయిన నాలుగో ఏట ఆమె మొగుడు వేరుశనగ చేలో పాముకాటుకు పోయాడు. కాటు చిన్నదే. నొప్పి కూడా పెద్దగా లేదన్నాడట. పొద్దెక్కేసరికి కళ్ళు మూతలు పడ్డాయి, మాట ముద్దయింది, ఆ తరవాత రొమ్ము ఆడటం ఆగిపోయింది. గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉందని, చెవి పెట్టి విన్నానని, ఊపిరి ఎట్లా పొయ్యాలో తెలియక చూస్తూ కూర్చున్నానని ఆమె చెప్పేది. ఆ తరవాత ఆమె ఆసుపత్రిలో ఆయాగా చేరింది. అమ్మానాన్నలు లేని తమ్ముణ్ణి, అంటే మా నాన్న ప్రభాకరరావును, తన దగ్గరే పెట్టుకుని చదివించింది. ఆయన ఎస్సెల్సీ ప్యాసై అదే ఆసుపత్రిలో కాంపౌండరు అయ్యాడు.

1956 చివర్లో ఓడ మీద ఇంగ్లీషు సీమ నుంచి ఒక చెక్కపెట్టె వచ్చింది. మనిషి పొడవు, నడుమెత్తు. రోగిని లోపల పడుకోబెట్టి మూత వేస్తే తల ఒక్కటే బయట ఉంటుంది. మెడ చుట్టూ గాలి దూరకుండా రబ్బరు కాలరు. పెట్టె కింద మోటారుతో నడిచే తిత్తి. కమ్మరి కొలిమి తిత్తి లాంటిదే, కాకపోతే ఇది ఊదదు, లాగుతుంది. పెట్టెలో గాలిని అది లాగినప్పుడు లోపలి మనిషి రొమ్ము దానంతటది లేస్తుంది, ముక్కులోంచి గాలి లోపలికి పోతుంది. తిత్తి వదిలితే రొమ్ము దిగుతుంది, గాలి బయటికొస్తుంది. పాముకాటుకో పోలియోకో రొమ్ము కండలు పడిపోయినవాళ్ళకు అవి మళ్ళీ లేచేదాకా ఆ పెట్టే ఊపిరి ఆడిస్తుంది. కరెంటు పోతే ఒక ఇనప పిడి ఉంటుంది, చేత్తో ఆడించాలి.

ఊళ్ళోవాళ్ళు దాన్ని శవాలపెట్టె అన్నారు. నర్సులకు కూడా అదంటే దడే. ఆసుపత్రి నడిపే దొరసాని డాక్టరు మిస్సమ్మగారు దాన్ని ఎవరికి నేర్పబోయినా ఏదో ఒక పని చెప్పి తప్పుకునేవారు. కరుణమ్మత్త మాత్రం తడిచేతులు చీరకు తుడుచుకుని ముందుకొచ్చి అడిగిందట: “ఇది అప్పుడే ఉంటే మా ఆయన బతికేవాడా అమ్మా?”

“బతికేవాడేమో, కరుణమ్మా,” అంది మిస్సమ్మగారు.

“అయితే నాకు నేర్పండి.”

తిప్పాల్సినవి రెండే. నిమిషానికి ఎన్ని ఊపిర్లు అన్నది ఒకటి. దాన్ని స్పీడు అనేవారు. ఒక్కో ఊపిరికి ఎంత బలంగా లాగాలి అన్నది రెండోది. నర్సులు దాన్ని ప్రెషరు అంటే కరుణమ్మత్త లాగుడు అనేది. గుండ్రటి అద్దం వెనక ఒక ముల్లు ఆ లాగుడు ఎంతో చూపించేది. రెండు అంకెలే కదా, ఎవడికి రావు అనుకుంటాం. అక్కడే ఉంది కిటుకంతా.

మొదట్లో ఆమే తప్పు చేసింది. ఎడ్లపాడు నుంచి నాలుగేళ్ళ పిల్లవాణ్ణి పోలియోతో తెచ్చారు. ఈమె పెట్టె పక్కన నిలబడి, తన రొమ్ము మీద చెయ్యి వేసుకుని, తన ఊపిరికి సరిపోయేట్టు తిప్పింది. నిమిషానికి పధ్నాలుగు, లాగుడు పదహారు. పిల్లవాడు కళ్ళు తేలేశాడు. మిస్సమ్మగారు పరుగున వచ్చి స్పీడు ఇరవై నాలుగుకు పెంచి, లాగుడు పదికి దించి, “నీ ఊపిరి నీది, వాడి ఊపిరి వాడిది. ముల్లును కాదు, వాణ్ణి చూడు,” అందట. ఆ మాట ఆమె మళ్ళీ మరవలేదు. ఆ పిల్లవాడు బతికి ఇంటికి పోయాడు.

అప్పటి నుంచి ఆమె చూపు మనిషి మీదే. పెదవుల రంగు, గోళ్ళ రంగు, ముక్కుపుటాలు ఎగరేస్తున్నారా, మెడనరాలు బిగుస్తున్నాయా, నుదుట చెమట పడుతోందా. ఇవన్నీ అయ్యాకే ముల్లు. కొత్తగా వచ్చిన నర్సులు ఊపిరి చాలకపోతే స్పీడు పెంచబోయేవారు. వాళ్ళ చెయ్యి పట్టుకుని ఆపి ఇట్లా చెప్పేది: “లాగుడు తక్కువైతే గాలి గొంతు దాకా వచ్చి ఎనక్కి పోద్దే. గుమ్మం దాకా వచ్చి ఎనక్కి పోయిన చుట్టం అన్నం తిన్నట్టా? అట్టాంటోళ్ళు నలభైమంది వచ్చినా నీ కుండలో మెతుకు తగ్గదు. పదిమందొచ్చినా లోపలికి రావాల.”

ఇంతకంటే బాగా ఆ యంత్రాన్ని నాకు ఎవరూ చెప్పలేదు. తరవాత నేను పెద్ద చదువులే చదివాను, అయినా చెప్పలేదు.

మూడేళ్ళలో పదకొండుమందిని ఆ పెట్టెలో పెట్టారు, ఏడుగురు నడిచి ఇంటికి పోయారు. ఊళ్ళో ఆమెకు ఊపిరిపెట్టె కరుణమ్మ అని పేరొచ్చింది. తమ్ముడికి కూడా నేర్పింది. ఆయన చురుకైనవాడు, రెండు రోజుల్లో పట్టేశాడు. కాకపోతే ఆయన పట్టింది అంకెల్ని. మనిషిని చూసే ఓపిక ఆయనకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

మిస్సమ్మగారు ఒక కట్టడి పెట్టింది. పెట్టె కాళ్ళవైపు ఒక పలక వేలాడదీసి, స్పీడూ లాగుడూ ఎవరు మార్చితే వాళ్ళు కొత్త అంకెలు రాసి, పక్కన తమ పేరులో మొదటి అక్షరం వెయ్యాలంది. అత్త ‘క’ వేసేది, మా నాన్న ‘ప్ర’.

1959 శ్రావణంలో కనకలక్ష్మిని తెచ్చారు. బట్టల కొట్టు నాగభూషణరావుగారి భార్య, ఇరవై రెండేళ్ళది. నేల మీద పడుకున్నప్పుడు కట్లపాము కరిచింది. తెల్లవారేసరికి కడుపునొప్పి అంది, తరవాత రెప్పలు లేవలేదు. విషానికి ఇంజక్షను చేశారు గానీ అప్పటికే రొమ్ము పడిపోయింది. మిస్సమ్మగారు అప్పుడు సెలవు మీద సీమకు పోయి ఉంది. ఇన్‌ఛార్జి డాక్టరు వెంకట్రామయ్యగారు ఆమెను పెట్టెలో పెట్టమన్నారు.

ఇక్కడొక చిక్కు వచ్చింది. కాలరు మెడకు అతుక్కోవాలి. కనకలక్ష్మి మెడలో పుస్తెలతాడు. పసుపుతాడు లావుగా పేనింది. దాని మీదుగా కాలరు బిగిస్తే సందులోంచి గాలి బుస్సుమంటుంది, పెట్టెలో లాగుడు నిలవదు. తీయమంటే ఆమె అత్తగారు రాజరత్నమ్మ ససేమిరా అంది. “మొగుడు రాయిలాగా ఉండంగ పుస్తెలు తీస్తారంటమ్మా! ఎవరి ఇంటి ఆచారమే ఇది?” అని అరిచింది.

కరుణమ్మత్త గొడవ పెట్టుకోలేదు. “తీసేయొద్దులే పెద్దమ్మా, ఒంటి మీదే ఉంచుదాం. మెడలో కాకుండా చేతికి కడదాం. లేచినాక నీ చేత్తోనే మెడలో ఎయ్యి,” అని బతిమాలి, ఆ తాడు విప్పి కుడిచేతి మణికట్టుకు చుట్టింది. స్పీడు పదహారు, లాగుడు పదిహేను అని పలక మీద రాసి ‘క’ వేసింది. మూడు పగళ్ళు, మూడు రాత్రులు ఆ స్టూలు మీద నుంచి లేవలేదు. మూడో రోజుకు కనకలక్ష్మి కాలివేళ్ళు కదిలించింది. కరుణమ్మత్త ఏడ్చిందట, ఆనందంతో. ఇంకో రెండు రోజులు గడిస్తే గట్టున పడినట్టే.

నాలుగో రోజు శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం. మధ్యాహ్నం మా నాన్న వచ్చి, “అక్కా, పోయి నీళ్ళు పోసుకుని రెండు మెతుకులు తిను, నేను చూస్తాగా,” అన్నాడు. అత్త పలక చూపించి, కాలరు ఒకసారి తడిమి వెళ్ళింది.

రాజరత్నమ్మ అప్పుడొచ్చింది. చేతిలో తోరం, కుంకుమ భరిణె. ఇవాళ కూడా కోడలి మెడ బోసిగా ఉంటే ఇంటికి అరిష్టమంది. ఒక్క గంటసేపు పుస్తెలు మెడలో వెయ్యమంది. ఆసుపత్రికి కొత్త గది కట్టిస్తామని మాటిచ్చిన ఇల్లది. పెద్దింటి ఇల్లాలు ‘నాయనా’ అని పిలిచేసరికి మా నాన్న నీరుగారిపోయాడు. కాలరు వదులు చేసి తాడు మెడలో వేశాడు, మళ్ళీ బిగించాడు. బుస్సుమంది. దూది కుక్కాడు. ముల్లు పదిహేను నుంచి ఏడుకు పడిపోయింది. ఎంత తిప్పినా లేవలేదు. లాగుడు తగ్గింది కదా, ఊపిర్లు పెంచితే లెక్క సరిపోతుందనుకున్నాడు. స్పీడు ఇరవై ఎనిమిది చేశాడు. పలక మీద మాత్రం రాయలేదు. గంటలో మళ్ళీ మార్చేదే కదా అనుకున్నాడట.

నిమిషానికి ఇరవై ఎనిమిది చుట్టాలు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయారు. చూసేవాళ్ళకు పెట్టె హుషారుగా ఆడుతోంది. రాజరత్నమ్మ కుంకుమ పెట్టి కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటోంది. మా నాన్న ముల్లును చూస్తున్నాడు. కనకలక్ష్మి పెదవుల్ని ఎవరూ చూడలేదు.

కరుణమ్మత్త తడిజుట్టుతో వార్డులో అడుగు పెట్టగానే ఆ చప్పుడు విని పరుగెత్తింది. కాలరు ఊడబెరికి, పుస్తెలతాడు తెంపి తీసి, మళ్ళీ బిగించి, స్పీడు పదహారుకు తెచ్చి, లాగుడు పదిహేనుకు ఎక్కించింది. డాక్టరుగారు వచ్చేసరికి అంతా సరిగ్గానే ఉంది, మనిషి లేదు. జరిగిన తప్పుకు సాక్ష్యమంటూ ఏదైనా ఉంటే దాన్ని ఆమె తన చేతులతోనే సరిచేసేసింది. బతికించాలన్న ఆత్రంలో ఉన్న మనిషికి సాక్ష్యం గుర్తుంటుందా?

వెంకట్రామయ్యగారు పలక చూశారు. పదహారు, పదిహేను, క. “సెట్టింగు ఎవరిది?” అన్నారు.

మా నాన్న నోరు విప్పలేదు. రాజరత్నమ్మ కోడలి మీద పడి ఏడుస్తోంది. ఏడుపు మధ్యలో, “పుస్తెలు తెంపేసిందయ్యా ఈ ఆయా!” అంది. తెంపిన తాడు కరుణమ్మత్త చేతిలోనే ఉంది.

రెండు రోజుల్లో విచారణ అన్నారు. ఆ సాయంత్రం మా నాన్న అక్క ఇంటికి వచ్చాడు. మా అమ్మ మణెమ్మ నన్ను చంకనేసుకుని వెంట వచ్చింది. నాకప్పుడు ఏడాది నిండింది. ఈ మాటలు మా అమ్మ చెప్పినవే.

“అక్కా, నా ఉద్యోగం పోద్ది. మద్రాసు ట్రైనింగుకు నా పేరు రాశారు. పెళ్ళాం, పిల్ల ఉన్నారు. నువ్వు ఒంటిదానివి, నీకేందక్కా?” అన్నాడు.

ఒంటిదానివి! ఆ ఒంటి మనిషి ఎవరిని సాకుతూ ఒంటిదిగా ఉండిపోయిందో ఆయనకు ఆ పూట గుర్తురాలేదు.

“అయితే నన్నేం చెయ్యమంటావురా?”

“విచారణలో ఏం మాట్లాడమాకు. ఆర్నెల్లు ఓపిక పట్టు. ట్రైనింగు నుంచి రాంగనే నేనే డాక్టరుగారికి జరిగిందంతా చెప్తా. ఇదిగో, ఈ పిల్ల మీద ఒట్టు,” అని నా నెత్తిన చెయ్యి పెట్టాడు. నన్ను అడక్కుండా నా తల మీద వేసిన ఒట్టు అది. ఒట్టు తీసి గట్టున పెట్టడమంటే ఏమిటో మా ఇంట్లో నేర్చుకోవాలి.

విచారణలో అత్త అబద్ధం కూడా ఆడలేదు. పలక మీద రాసింది నువ్వేనా అంటే “నేనేనండీ” అంది. ఇంకేమైనా చెప్పుకుంటావా అంటే తమ్ముడి వైపు చూసి తల దించుకుంది. పెట్టె ఆడుతుండగా కాలరు ఊడదీసిందని, ఆయా కరుణమ్మ అజాగ్రత్త వల్ల మరణం అని రాశారు. ఇకమీదట ఆమె ఆ యంత్రాన్ని ముట్టుకోకూడదని ఆర్డరు వేశారు. బట్టలుతికే దొడ్డికి పంపారు. ఊళ్ళో అయితే పుస్తెలు తెంపి ముత్తయిదువను చంపిందన్నారు. ఊపిరిపెట్టె కరుణమ్మ అన్న పేరు పోలేదు, కాకపోతే దాన్ని పలికే తీరు మారింది.

మా నాన్న మద్రాసు పోయాడు, సర్టిఫికెట్టుతో వచ్చాడు. ఆర్నెల్లు అయింది. పర్మనెంటు కానివ్వక్కా అన్నాడు. అయింది. మిస్సమ్మగారు రానివ్వక్కా అన్నాడు. ఆమె తిరిగి రాలేదు. ఆ తరవాత అక్క ఎదురుపడితే పక్క సందులోకి తిరగడం మొదలుపెట్టాడు. మా ఇంటికీ దొడ్డికీ మధ్య వేపచెట్లు నాలుగు, అంతే దూరం. పండక్కి కూడా ఆమెను పిలిచేవాడు కాదు. తప్పు చేసినవాడికి తప్పు మోసినవాళ్ళ ముఖం చూడటం కష్టం. నేను అత్త దగ్గరికి పోతే మాత్రం ఆమె గంజిచేతులతోనే ఎత్తుకునేది. “మీ నాయన నా గురించి ఏమన్నా అన్నాడా?” అని అడిగేది. ఏమీ అనలేదంటే, “అంటాళ్ళే,” అనేది. ఏడేళ్ళు ఆ మాటే అంది. తమ్ముడు ఇక ఆ మాట అనడని మా అమ్మకు ఎప్పుడో అర్థమైపోయినా ఆమెకు అర్థం కావడానికి ఏడేళ్ళు చాలలేదు.

1966లో నాకు జ్వరం వచ్చింది. మూడో రోజుకు కాళ్ళు పడిపోయాయి, నాలుగో రోజుకు ఊపిరి. పోలియో. నన్ను అదే పెట్టెలో పెట్టారు.

ఆపరేటరు మా నాన్న. గోడకు ఆయన సర్టిఫికెట్టు అద్దం కట్టి ఉంది. పెద్దవాళ్ళకు పెట్టే లెక్క పెట్టి, చాలడం లేదని పెంచి, ఎక్కువైందని తగ్గించి, గంటలో పదిసార్లు తిప్పాడు. నా ఊపిరి ఒక దారి, పెట్టె ఒక దారి. నేను పీల్చబోతే అది వదిలేది, నేను వదలబోతే అది లాగేది. చచ్చిపోతున్నానని ఎనిమిదేళ్ళ పిల్లకు కూడా తెలుస్తుంది.

ఆయన బయటికి పరుగెత్తాడు. దొడ్డిలో దుప్పట్లు జాడిస్తున్న అక్క ముందు కూలబడ్డాడట. “అక్కా, నాకు చేతకావట్లా. పిల్ల పోద్ది. రా.”

ఆమె రాను అనలేదు. అనాల్సింది అని నేను ఎన్నోసార్లు అనుకున్నాను.

పెట్టెలో పడుకున్నవాళ్ళకు ముఖం మీదుగా ఒక అద్దం వాలుగా పెడతారు, వార్డు కనిపించడానికి. ఆ అద్దంలో అత్త ముఖం కనిపించింది. ముల్లు వైపు చూడనే లేదు. నా ముఖం చూసింది, పెట్టె పక్కనున్న చిన్న అద్దపుకిటికీలోంచి నా రొమ్ము చూసింది. స్పీడు ఇరవై రెండు. లాగుడు పన్నెండు. “పెట్టెతో పోట్లాడమాకు తల్లీ. అది లాగినప్పుడు ఊరుకో. మింగేది, మాట్టాడేది వదిలేటప్పుడే,” అంది. పది నిమిషాల్లో పెట్టె ఉందన్న సంగతే మరిచిపోయాను. హాయిగా ఊపిరి ఆడటమంటే దాన్ని మరిచిపోవడమే.

డాక్టరుగారు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడటానికి వచ్చేవారు. ఆ రెండు వేళలా అత్త దొడ్డిలో ఉండేది. మధ్యలో అంతా నా దగ్గరే. పలక మీద అంకెలు ఆమె చెప్పేది, అక్షరం ఆయన వేసేవాడు. ‘ప్ర’.

ఒక మధ్యాహ్నం నేను నిద్రపోయాననుకుని మాట్లాడుకున్నారు.

“నువ్వెప్పుడు చెప్తావురా?” అంది అత్త.

ఆయన పలక తీసి తుడవబోయాడు.

“ఆ తల్లి మెడలో తాడు ఏసింది నువ్వు. ఇరవై ఎనిమిది పెట్టింది నువ్వు. ఏడేళ్ళయింది. నేను నిన్నేమన్నా అన్నానా? ఇప్పుడన్నా చెప్పు. నాకు పని ఇవ్వక్కర్లా. కరుణమ్మ చంపలేదు అంటే చాలు.”

“పిల్ల లేవనీ అక్కా. లేచిన రోజే చెప్తా. దేవుడి తోడు,” అన్నాడు మా నాన్న.

నేను కళ్ళు మూసుకునే ఉన్నాను. అంతా విన్నాను. అప్పటికి నలుగురం అయ్యాం.

పదమూడో రోజు డాక్టరు వెంకట్రామయ్యగారు వేళ కాని వేళ, మధ్యాహ్నం పన్నెండుకు వచ్చారు. అత్త చెయ్యి స్పీడు తిప్పే మర మీద ఉంది.

అంతకు ముందు రోజే మా నాన్న నా చెవి దగ్గర వంగి ఒక మాట చెప్పి ఉన్నాడు. “డాక్టరుగారు అడిగితే నాన్నే చూస్తున్నాడని చెప్పు కృపా. అత్త అని చెప్పావంటే ఆమెను మళ్ళా రానివ్వరు.” నేను నమ్మాను. అత్త రాకపోతే నేను బతకనని నాకు తెలుసు.

“కరుణమ్మా! ఈ యంత్రం ముట్టుకోవద్దని ఆర్డరుంది కదా?” అన్నారు డాక్టరుగారు.

“మంచినీళ్ళు పట్టడానికి వచ్చిందండీ,” అన్నాడు మా నాన్న.

డాక్టరుగారు ఆయన్ను చూశారు, అత్తను చూశారు. ఆయన చెడ్డవాడు కాదు. ఏదో అనుమానం వచ్చినట్టే ఉంది. నా తల దగ్గరికి వచ్చి మెల్లగా అడిగారు: “నీకు ఈ పెట్టె ఎవరు చూస్తున్నారమ్మా?”

అద్దంలో అత్త కనిపిస్తోంది. ఏడేళ్ళలో మొదటిసారి ఒకరు ఆ ప్రశ్న అడిగారు. ఆమె ముఖం వెలిగింది. నేను చెప్తాననే అనుకుంది. పెట్టె ఒకసారి లాగింది. వదిలింది. వదిలేటప్పుడే మాట్లాడాలని నేర్పింది ఆమే.

“నాన్న,” అన్నాను.

డాక్టరుగారు పలక చూశారు. “ఇరవై రెండు, పన్నెండు. బాగా పెట్టావయ్యా ప్రభాకరరావ్,” అన్నారు. “అంతా దేవుడి దయండీ,” అన్నాడు మా నాన్న. దేవుడి దయ తడిచేతులతో ఆ పక్కనే నిలబడి ఉంది. ఆర్డరు మీరినందుకు ఇక ఆసుపత్రిలోనే ఉండవద్దన్నారు ఆమెను.

అత్త నన్ను ఒక్క మాట అనలేదు. తమ్ముడి వైపు తిరిగి, “ఇరవై రెండు, పన్నెండు. ఇంక తిప్పమాకు. రోజుకు కాసేపు మూత తీసి సొంతంగా పీల్చనియ్యి,” అని చెప్పి పోయింది. ఆయన జన్మలో ఒక్కసారి అక్క మాట విని వాటిని తిప్పలేదు. ఇంకో వారానికి నేను బయటికొచ్చాను. ఎడమకాలు సన్నబడింది, ఊపిరి మాత్రం గట్టిది. నేను లేచిన రోజు మా నాన్న ఎవరికీ ఏమీ చెప్పలేదు. కృతజ్ఞత కూడిక పెట్టించి, సంఘానికంతా టీ పోయించాడు.

మా నాన్న మీద కోపం తీర్చుకోవడం సులువు. ఆయన మీద కోపం వచ్చినప్పుడల్లా అద్దంలో ఆ ముఖం గుర్తొస్తుంది, వెలిగి ఆరిపోయిన ముఖం. దాన్ని ఆర్పింది ఆయన కాదు.

అత్త రాజుపాలెం పోయి మిరపకోతలకు పోయేది. ఎవరైనా మా సంగతి అడిగితే పిల్ల బాగుందట అనేదట. 1969 ఎండాకాలంలో వడదెబ్బకు చనిపోయింది. భూస్థాపన ఆరాధన అక్కడి చిన్న చర్చిలో పెట్టారు. ఆసుపత్రిలో ఆమెతో పనిచేసిన మార్తమ్మ వచ్చింది. డాక్టరుగారు కూడా జీపులో వచ్చారు. చెప్పాల్సినవాళ్ళున్నారు, వినాల్సినవాళ్ళున్నారు. పాస్టరుగారు, కుటుంబం తరఫున తమ్ముడు రెండు మాటలు చెప్తాడన్నారు.

మా నాన్న లేచాడు. కళ్ళ నీళ్ళు తుడుచుకున్నాడు. ఇప్పుడు చెప్తాడు అనుకున్నాను, అత్తలాగే.

“మా అక్క నన్ను తల్లిలాగా పెంచింది,” అన్నాడు. “ఉద్యోగంలో ఒకసారి ఆమె చేతి మీదుగా పెద్ద పొరపాటు జరిగింది. అందరికీ తెలిసిందే. ప్రభువు ఆ తప్పును క్షమించి, ఆమెను తన దగ్గరికి చేర్చుకున్నాడని నమ్ముతున్నాను.”

అందరూ ఆమేన్ అన్నారు. నేనూ అన్నాను.